డెస్క్‌టాప్ టూలా, సర్వరా? డేటా ఇంటిగ్రేషన్ పనుల మీద తరచుగా అడిగే ప్రశ్నలు

నాలుగైదు చోట్ల నుంచి డేటా తెచ్చి, శుభ్రం చేసి, కలిపి, ఒక చోటికి చేర్చే పని చేసేవాళ్లకి ఎప్పుడో ఒకప్పుడు ఈ సందేహం వస్తుంది. ఈ ఫ్లోని (ఆ పనులన్నీ వరసగా చేసే ప్రోగ్రాంని) నా సిస్టమ్‌లోనే నడుపుకోనా, సర్వర్ మీద పెట్టనా? అవే ప్రశ్నలు మళ్లీ మళ్లీ వస్తుండడంతో జవాబులన్నీ ఒక చోట రాశాను. వరసగా చదవక్కర్లేదు. మీ పని ఏ దశలో ఉందో చూసుకుని ఆ భాగానికి వెళ్లండి, ఏ జవాబుకి ఆ జవాబు పూర్తిగానే ఉంటుంది. ఉదాహరణలకి ఎక్కువగా ఎఫ్ఎంఈ, నైమ్ (కె.ఎన్.ఐ.ఎం.ఈ. అని రాస్తారు), పెంటాహో కెటిల్, అపాచీ హాప్, పవర్ బీఐ అనే డేటా టూల్స్ తీసుకున్నాను.

## ఎంచుకునే ముందు

డెస్క్‌టాప్ టూల్, సర్వర్ టూల్ అంటే రెండు వేరే సాఫ్ట్‌వేర్లా? చేసే పని ఒకటే కదా?

చాలా కంపెనీలు వీటిని జంటగా తయారుచేస్తాయి. ఫ్లోని గీసేది, పరీక్షించేది డెస్క్‌టాప్‌లో. మీరు దగ్గర లేకపోయినా దాన్ని చెప్పిన టైముకి నడిపేది, ఎవరు ఎప్పుడు నడిపారో రాసిపెట్టేది, ఫెయిల్ అయితే కబురు పంపేది సర్వర్. ఎఫ్ఎంఈలో ఈ జంట పేర్లు ఫార్మ్, ఫ్లో. నైమ్‌లో అనలిటిక్స్ ప్లాట్‌ఫామ్, బిజినెస్ హబ్. కెటిల్‌లో అయితే స్పూన్‌లో గీసి కార్టె మీద నడుపుతారు.

డేటాని మార్చే ఇంజిన్ రెండు వైపులా దాదాపు ఒకటే. కాబట్టి సర్వర్‌లో పెట్టినంత మాత్రాన ఫ్లో వేగంగా నడవదు, ఆ మెషీన్ మీ ల్యాప్‌టాప్ కంటే గట్టిదైతే తప్ప. ఇంకో సంగతి, కొన్ని టూల్స్‌లో డెస్క్‌టాప్ భాగం గీయడానికే పనికొస్తుంది. ఇన్ఫర్మాటికా పవర్‌సెంటర్‌లో డిజైనర్ అనే ప్రోగ్రాం మీ సిస్టమ్‌లో ఉన్నా, మ్యాపింగ్ (అక్కడ గీసే ఫ్లో) నడిచేది సర్వర్‌లో ఉండే ఇంటిగ్రేషన్ సర్వీస్ మీదే. అలాంటి చోట ఎంపిక మీ చేతిలో లేదు.

మా డేటా చాలా పెద్దది. కాబట్టి సర్వరే కావాలి కదా?

పరిమాణం చూసి ఈ నిర్ణయం తీసుకోకండి. 16 జీబీ ర్యామ్ ఉన్న మామూలు ల్యాప్‌టాప్ మీద కూడా నైమ్ చాలా పెద్ద టేబుళ్లతో పనిచేస్తుంది, ఎందుకంటే మెమరీలో పట్టనివాటిని డిస్క్ మీదికి రాసుకుంటూ పోతుంది. బరువైన జాయిన్లు (టేబుళ్లను కలపడం), గ్రూప్ బైలు (గుంపులవారీ లెక్కలు) డేటాబేస్‌లోనే చేయించి ఫలితం మాత్రమే తెచ్చుకుంటే ల్యాప్‌టాప్ మీద పడే భారం ఇంకా తగ్గుతుంది.

పెద్ద డేటాని నిజంగా ముంచేది చాలాసార్లు ఫైల్ ఫార్మాట్. పాత ఎక్స్ఎల్ఎస్ ఫైల్‌లో ఒక షీట్‌కి 65,536 వరసలే పడతాయి, ఎక్స్ఎల్ఎస్ఎక్స్‌లో 10,48,576. 2020 సెప్టెంబర్ చివర్లో ఇంగ్లండ్ ప్రజారోగ్య శాఖ ల్యాబుల నుంచి వచ్చిన సీఎస్‌వీ ఫైళ్లను పాత ఎక్స్ఎల్ఎస్ టెంప్లేట్లలోకి ఎక్కించింది. ఒక్కో కేసుకి కొన్ని వరసలు పట్టడంతో ఒక టెంప్లేట్‌లో సుమారు 1,400 కేసులకే చోటు సరిపోయింది, మిగిలినవి రాలిపోయాయి. అలా 15,841 కోవిడ్ కేసులు రోజువారీ లెక్కలోకీ, కాంటాక్ట్ ట్రేసింగ్ వాళ్ల చేతికీ ఆలస్యంగా చేరాయి. ఎంత పెద్ద సర్వర్ పెట్టినా ఆ టెంప్లేట్ ఉన్నంతకాలం అదే జరిగేది. లోపలికి ఎన్ని వరసలు వచ్చాయి, బయటికి ఎన్ని వెళ్లాయి అని సరిచూసే మెట్టు ఒక్కటి ఉంటే అది వెంటనే బయటపడేది.

మరి సర్వర్ ఎప్పుడు కావాలి? సూటిగా చెప్పండి.

సంక్రాంతికి మీరు ఊరెళ్లారనుకోండి. ఆ వారం రోజులూ ఈ ఫ్లో నడవకపోతే ఎవరికైనా ఇబ్బందా? "నాకే, తిరిగొచ్చాక చూసుకుంటా" అన్నది మీ జవాబైతే డెస్క్‌టాప్ చాలు. "పొద్దున్నే స్టోర్ వాళ్లకి స్టాక్ లిస్ట్ అందదు", "ఫీల్డ్ వాళ్లకి ఆ రోజు రూట్ ఉండదు" అయితే మీకు సర్వర్ కావాలి, డేటా 500 వరసలే అయినా సరే.

నేను చూసేది ముఖ్యంగా ఇదే, మీ ఫలితం కోసం ఇంకొకరు ఎదురుచూస్తున్నారా లేదా. దీని తర్వాత చూడాల్సినవి ఇంకొన్ని ఉన్నాయి. ఫైల్ ఎప్పుడొస్తే అప్పుడు పని మొదలవ్వాలంటే సర్వర్ ఉండాలి. ఒకే ఫ్లోని ముగ్గురు నలుగురు వేర్వేరు జిల్లాలకో బ్రాంచీలకో నడుపుకోవాలంటే, అందరికీ డెస్క్‌టాప్ లైసెన్సు కొనే బదులు సర్వర్ మీద ఒక వెబ్ ఫారం పెట్టడం చవక. ఎవరు ఏ రోజు ఏ డేటా తీశారో ఆడిట్‌కి చూపించాల్సిన ఆఫీసుల్లో అయితే వేరే ఆలోచన అక్కర్లేదు.

మాది చిన్న అకౌంట్స్ ఆఫీసు. నెలనెలా జీఎస్టీ సరిచూసుకోవడానికి సర్వర్ పెట్టాలా?

అక్కర్లేదు. జీఎస్టీఆర్-2బి (సప్లయర్లు ఫైల్ చేసినదాన్ని బట్టి వచ్చే మీ కొనుగోళ్ల పట్టిక) ప్రతి నెలా 14న తయారవుతుంది, నెలవారీ ఫైల్ చేసేవాళ్లకి జీఎస్టీఆర్-3బి గడువు మామూలుగా 20. ఆ నాలుగైదు రోజుల్లో కొనుగోళ్ల రిజిస్టర్‌నీ 2బి నీ పక్కపక్కన పెట్టి చూడాలి. ఇన్వాయిస్ నంబర్లో ఒకరు స్లాష్ పెడతారు, ఇంకొకరు హైఫన్ పెడతారు, కొందరు ముందున్న సున్నాలు వదిలేస్తారు. శుభ్రం చేశాక కూడా కొన్ని మిగులుతాయి, వాటిని మనిషి చూడక తప్పదు. మనిషి ఎలాగూ కూర్చోవాల్సిన పనికి ఎక్సెల్‌లోని పవర్ క్వెరీ బాగా సరిపోతుంది. ఒక ఫోల్డర్‌లో ఫైళ్లు వేసి రిఫ్రెష్ నొక్కితే చాలు, ఎక్సెల్ 2016 నుంచి అది లోపలే ఉంది.

ఒక్క జాగ్రత్త. ఆ వర్క్‌బుక్ ఒకరి డెస్క్‌టాప్ మీద కాకుండా అందరికీ అందే డ్రైవ్‌లో ఉండాలి, రెండో మనిషికి కూడా నడపడం రావాలి.

డెస్క్‌టాప్ టూల్‌నే విండోస్ టాస్క్ షెడ్యూలర్‌లో పెడితే సరిపోదా? సర్వర్ ఖర్చు ఎందుకు?

చాలామందికి ఇదే సరైన మధ్య దారి. దీన్ని తక్కువగా చూడకండి. కెటిల్‌లో ట్రాన్స్‌ఫర్మేషన్లను ప్యాన్, జాబులను కిచెన్ అనే కమాండ్లతో నడపొచ్చు. హాప్‌కి హాప్-రన్ ఉంది. నైమ్‌కి బ్యాచ్ మోడ్ ఉంది, ఎఫ్ఎంఈ వర్క్‌స్పేస్‌నీ కమాండ్ లైన్ నుంచి నడపొచ్చు. రోజుకి రెండు మూడు ఫ్లోలు, వాటిని చూసుకునే మనిషి ఒకరు ఉంటే ఏళ్ల తరబడి సాఫీగా సాగిపోతుంది.

అయితే కొన్ని చోట్ల జారిపడతారు. ల్యాప్‌టాప్ స్లీప్‌లోకి వెళ్తుంది, విండోస్ అప్‌డేట్ అర్ధరాత్రి రీస్టార్ట్ చేస్తుంది. అందుకే ఎప్పుడూ ఆన్‌లో ఉండే డెస్క్‌టాప్ మెషీన్, దానికో యూపీఎస్ పెట్టండి. టాస్క్‌లో "యూజర్ లాగిన్ అయి ఉన్నా లేకపోయినా నడుపు" అన్న ఆప్షన్ ఎంచుకోవాలి. అది ఎంచుకోగానే జెడ్ డ్రైవ్, వై డ్రైవ్ లాంటి మ్యాప్ చేసిన డ్రైవులు ఫ్లోకి కనబడడం మానేస్తాయి, ఎందుకంటే అవి మీరు లాగిన్ అయిన సెషన్‌కి చెందినవి. రెండు బ్యాక్‌స్లాష్‌లతో మొదలయ్యే పూర్తి నెట్‌వర్క్ పాత్ ఇస్తే ఈ బాధ తీరుతుంది. చివరిగా, కిచెన్ లాంటి కమాండ్ పని బాగా ముగిస్తే 0, లేకపోతే వేరే నంబర్ తిరిగిస్తుంది. మీ బ్యాచ్ ఫైల్ ఆ నంబర్‌ని బయటికి పంపకపోతే ఫ్లో పడిపోయినా షెడ్యూలర్‌లో అంతా బాగున్నట్టే కనిపిస్తుంది.

కొన్ని కమర్షియల్ టూల్స్‌లో డెస్క్‌టాప్ లైసెన్సుతో మనిషి లేకుండా నడపడానికి అనుమతి ఉండదు, లేదా దానికి విడిగా డబ్బు కట్టాలి. లైసెన్సు కాగితం చదివాకే మొదలుపెట్టండి.

ఉచితంగా దొరికేవాటిలో ఏది తీసుకోమంటారు?

ఒంటరిగా పనిచేస్తూ, కోడ్ రాయడం ఇష్టం లేనివాళ్లకి నైమ్ అనలిటిక్స్ ప్లాట్‌ఫామ్. అది ఓపెన్ సోర్స్, పూర్తి డెస్క్‌టాప్ టూల్, వరసల పరిమితి ఏమీ లేదు. దాని సర్వర్ వైపు మాత్రం డబ్బు కట్టాలి. రేపు సర్వర్ కూడా ఉచితంగానే కావాలి అనుకుంటే అపాచీ హాప్ చూడండి. కెటిల్ నుంచి పుట్టిన ప్రాజెక్టు అది. గీసే స్క్రీన్ (జీయూఐ), కమాండ్ లైన్, హాప్ సర్వర్ అన్నీ అపాచీ లైసెన్సు కిందే వస్తాయి. అపాచీ నైఫై అయితే మొదటి నుంచీ సర్వర్ కోసమే పుట్టింది. ఆగకుండా వచ్చే డేటాకి మంచిది, నెలకోసారి చేసే పనికి దాన్ని మోయడం దండగ.

టాలెండ్ ఓపెన్ స్టూడియో గురించి ఇప్పటికీ అడుగుతున్నారు. దాన్ని 2024 జనవరి 31తో ఆపేశారు. పాత ఇన్‌స్టాలర్ ఎక్కడో దొరికినా కొత్త పని దాని మీద మొదలుపెట్టకండి, సెక్యూరిటీ అప్‌డేట్లు రావు.

ట్యుటోరియల్స్‌లో ఎఫ్ఎంఈ డెస్క్‌టాప్, ఎఫ్ఎంఈ సర్వర్ అని చెబుతున్నారు. నాకు ఎక్కడా కనిపించట్లేదేంటి?

2023లో పేర్లు మారాయి. డెస్క్‌టాప్ ఇప్పుడు ఫార్మ్, సర్వర్ ఇప్పుడు ఫ్లో. పాత పాఠాలు ఇప్పటికీ చాలావరకు పనికొస్తాయి.

ఇదంతా ఎందుకు, పైథాన్ స్క్రిప్ట్ రాసేస్తే పోదా?

రాసుకోండి, మంచి దారే. కానీ ఆ స్క్రిప్ట్ కూడా ఎక్కడో ఒక చోట నడవాలి. మీ ల్యాప్‌టాప్‌లోనా, క్రాన్ (చెప్పిన టైముకి పనులు నడిపేది) పెట్టిన లినక్స్ మెషీన్‌లోనా, ఎయిర్‌ఫ్లో మీదా అన్న ప్రశ్న అలాగే ఉంటుంది. ఎయిర్‌ఫ్లో డేటాని తనంతట తాను మార్చదు, ఏ పని తర్వాత ఏ పని అని నడిపించేది మాత్రమే. విండోస్‌లో నేరుగా నడవదు కూడా, లినక్స్ గానీ డబ్ల్యూఎస్ఎల్ (విండోస్ లోపలే లినక్స్ నడిపే సదుపాయం) గానీ ఉండాలి. మీరు లేనప్పుడు స్క్రిప్ట్ చదివి సరిచేయగలవాళ్లు టీమ్‌లో ఉన్నారా అన్నది చూసుకుని పైథాన్ వైపు వెళ్లండి.

## డెస్క్‌టాప్‌లో ఫ్లో కడుతున్నప్పుడు

ఇప్పటికి డెస్క్‌టాప్ చాలు. కానీ రేపు సర్వర్‌కి మార్చాల్సి వస్తే మొత్తం మళ్లీ కట్టాలా?

మొదటి రోజు నుంచి కొన్ని అలవాట్లు పెట్టుకుంటే అక్కర్లేదు. వీటికి పట్టే సమయం కొద్దిగానే, తర్వాత తప్పించే తలనొప్పి మాత్రం చాలా ఎక్కువ.

ఫైల్ పాత్‌లు, డేటాబేస్ పేర్లు, తేదీలు ఏవీ ఫ్లో లోపల నేరుగా రాయకండి. ఎఫ్ఎంఈలో పబ్లిష్డ్ పారామీటర్లు, నైమ్‌లో ఫ్లో వేరియబుల్స్, కెటిల్, హాప్‌లలో వేరియబుల్స్ ఉన్నది ఇందుకే. సీ డ్రైవ్‌లో మీ పేరుతో ఉన్న డౌన్‌లోడ్స్ ఫోల్డర్ ఫ్లోలో ఎక్కడ కనిపించినా తీసేయండి. హాప్‌లో ఒకే ప్రాజెక్టుకి టెస్ట్ ఎన్విరాన్‌మెంట్, అసలు ఎన్విరాన్‌మెంట్ విడివిడిగా పెట్టుకోవచ్చు, మొదటి నుంచీ అలా పెట్టుకోవడం మంచిది.

నా దృష్టిలో వీటన్నిటికంటే ముఖ్యమైనది ఇంకొకటి ఉంది, చాలామంది వదిలేసేది అదే. ఫ్లోని రెండుసార్లు నడిపితే ఫలితం ఒకటే రావాలి. ఈరోజు అమ్మకాలను టేబుల్ చివర చేర్చే ఫ్లో ఉందనుకోండి. సగంలో ఆగిపోతే మళ్లీ నడుపుతారు, అప్పుడు సగం అమ్మకాలు రెండుసార్లు పడతాయి. డెస్క్‌టాప్‌లో అయితే మీ కళ్ల ముందే జరుగుతుంది కాబట్టి డిలీట్ చేసి సరిచేస్తారు. సర్వర్ తెల్లవారుజామున తనంతట తానే మళ్లీ ప్రయత్నించినప్పుడు చూసేవాళ్లు ఉండరు. ఆ తేదీ వరసలు ముందు తీసేసి తర్వాత ఎక్కించడమో, కీ (ప్రతి వరసనీ గుర్తుపట్టే కాలమ్) ఆధారంగా ఆ వరస ఉంటే మార్చి లేకపోతే చేర్చడమో చేయండి.

మధ్యలో మనిషిని ఏదైనా అడిగే డైలాగ్ బాక్స్‌లు కూడా పెట్టకండి. సర్వర్‌లో ఓకే నొక్కేవాళ్లు ఉండరు.

తెలుగు పేర్లు నా సిస్టమ్‌లో బాగానే ఉన్నాయి, ఇంకో చోట నడిపితే పాడైపోతున్నాయి. ఎందుకు?

ముందు పాడైన తీరు చూడండి, అందులోనే జవాబు ఉంటుంది.

నెత్తిన గీత ఉన్న లాటిన్ ఎ, పక్కన డిగ్రీ గుర్తు మళ్లీ మళ్లీ కనిపిస్తుంటే డేటా క్షేమంగానే ఉంది. యూటీఎఫ్-8 అనే ఎన్‌కోడింగ్‌లో (అక్షరాలను బైట్లుగా దాచే పద్ధతి) ఉన్న తెలుగుని ఎవరో విండోస్ పాత ఎన్‌కోడింగ్‌తో చదివారు. చదివే చోట యూటీఎఫ్-8 అని స్పష్టంగా పెడితే సరిపోతుంది. జావా మీద నడిచే టూల్స్‌లో ఇది తరచుగా వస్తుంది, ఎందుకంటే జావా 18 కంటే ముందు వెర్షన్లు డిఫాల్ట్ ఎన్‌కోడింగ్‌ని ఆపరేటింగ్ సిస్టమ్ నుంచి తీసుకునేవి. లినక్స్‌లో ఒకటి, విండోస్‌లో ఇంకొకటి అయ్యేది.

వరసగా ప్రశ్నార్థకాలు కనిపిస్తే మాత్రం అక్షరాలు పోయినట్టే, అసలు ఫైల్ నుంచి మళ్లీ ఎక్కించాలి. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో మామూలు వార్‌క్యార్ కాలమ్‌లో తెలుగు పెడితే ఎక్కువగా ఇదే జరుగుతుంది. అక్కడ ఎన్‌వార్‌క్యార్ వాడాలి.

పేరు మధ్యలో తెగిపోతుంటే కాలమ్ పొడవుని బైట్లలో లెక్కిస్తున్నారని అర్థం. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు అక్షరానికి, గుణింతపు గుర్తుకి, పొల్లుకి 3 బైట్లు పడతాయి. "తెలుగు" అన్న మాటకే 18 బైట్లు కావాలి. ఒరాకిల్‌లో 50 బైట్ల కాలమ్‌లో 16 గుర్తులకు మించి పట్టవు. ఇంటిపేరుతో కలిపి రాసే మన పేర్లు అందులో ఇమడవు.

ఇక పాత అను ఫాంట్లలో టైప్ చేసిన డేటా అయితే ఏ ఎన్‌కోడింగ్ సెట్టింగూ సాయం చేయదు, అది యూనికోడ్ కాదు. ముందు కన్వర్టర్‌తో యూనికోడ్‌కి మార్చి, ఆ తర్వాతే ఫ్లోలోకి తేవాలి.

ఎక్సెల్ మాక్రో ఒకటి ఉంది, దాన్ని అలాగే సర్వర్‌లో పెట్టొచ్చా?

వద్దు. మనిషి లేకుండా సర్వర్‌లో ఎక్సెల్ అప్లికేషన్‌ని నడపడాన్ని మైక్రోసాఫ్ట్ కూడా సిఫార్సు చేయదు. ఏదో ఒక మెసేజ్ బాక్స్ దగ్గర అది ఆగిపోయి అలాగే ఉండిపోతుంది. మాక్రోలోని లెక్కని టూల్‌లోనే మళ్లీ కట్టుకోండి. నైమ్, హాప్, ఎఫ్ఎంఈ మూడూ ఎక్సెల్ ఇన్‌స్టాల్ చేయకుండానే ఎక్స్ఎల్ఎస్ఎక్స్ ఫైళ్లు చదువుతాయి, రాస్తాయి.

## సర్వర్‌కి మారుస్తున్నప్పుడు

నా ల్యాప్‌టాప్‌లో చక్కగా నడిచింది, సర్వర్‌లో పెట్టగానే ఫెయిల్. ఎక్కడ వెతకాలి?

ముందు లాగ్‌లో మొట్టమొదటి ఎర్రర్ చూడండి. చివరిది కాదు, చివరిది సాధారణంగా మొదటిదాని పర్యవసానమే.

ఎక్కువసార్లు కారణం పాత్ గానీ పర్మిషన్ గానీ అయి ఉంటుంది. సర్వర్‌లో ఫ్లో మీ పేరుతో నడవదు, సర్వీస్ అకౌంట్ (మనిషికి కాక ప్రోగ్రాములకి ఇచ్చే అకౌంట్) పేరుతో నడుస్తుంది. మీకు తెరుచుకునే షేర్డ్ ఫోల్డర్ దానికి తెరుచుకోకపోవచ్చు. లినక్స్ సర్వర్ అయితే ఫైల్ పేరులో పెద్ద ఎస్, చిన్న ఎస్ వేరు. విండోస్‌లో తేడా తెలియక రాసిన పేరు అక్కడ దొరకదు.

తర్వాత డ్రైవర్లు. డేటాబేస్‌తో మాట్లాడడానికి కావలసిన జేడీబీసీ డ్రైవర్ ఫైల్ మీ సిస్టమ్‌లో ఎప్పుడో వేసి మర్చిపోయి ఉంటారు, సర్వర్‌లో అది ఉండదు. ఫైర్‌వాల్ కూడా చూడాలి. సర్వర్ నుంచి డేటాబేస్‌కి పోర్ట్ తెరిచి ఉందా అని నెట్‌వర్క్ టీమ్‌ని అడగండి. డిఫాల్ట్‌గా పోస్ట్‌గ్రెస్‌కి 5432, ఎస్‌క్యూఎల్ సర్వర్‌కి 1433, ఒరాకిల్‌కి 1521.

ఇవన్నీ బాగున్నా ఫెయిల్ అవుతుంటే వెర్షన్లు పోల్చండి. సర్వర్ వెర్షన్ డెస్క్‌టాప్ వెర్షన్ కంటే పాతది కాకూడదు. టీమ్‌లో ఒకరు ఉత్సాహంగా డెస్క్‌టాప్‌ని అప్‌గ్రేడ్ చేసి పబ్లిష్ చేస్తే, నిన్నటిదాకా నడిచిన ఫ్లో ఈరోజు ఆగిపోతుంది.

సర్వర్‌లో షెడ్యూల్ పొద్దున 6కి పెట్టాను, 11:30కి నడుస్తోంది. పైగా తెల్లవారుజామున నడిచే ఇంకో ఫ్లోలో నిన్నటి డేటా బదులు మొన్నటిది వస్తోంది!

రెండింటికీ కారణం ఒకటే, సర్వర్ గడియారం యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక కాలంలో) ఉంది. మన టైమ్ దానికంటే 5 గంటల 30 నిమిషాలు ముందు. షెడ్యూల్‌లో టైమ్‌జోన్ ఎంచుకునే వీలుంటే ఏషియా/కోల్‌కతా పెట్టండి.

నిన్న, మొన్న గొడవ ఇంకొంచెం లోతైనది. మనకి తెల్లవారుజామున 2 గంటలు అంటే యూటీసీలో ముందు రోజు రాత్రి 8:30. ఆ సమయంలో ఫ్లో "ఈరోజు మైనస్ ఒకటి" అని లెక్కేస్తే మొన్నటి తేదీ వస్తుంది. ల్యాప్‌టాప్‌లో ఇది ఎప్పటికీ బయటపడదు. తేదీని ఫ్లోకి పారామీటర్‌గా ఇవ్వండి, లేదా భారత కాలమానానికి మార్చాకే లెక్కించండి. తేదీ రాసేటప్పుడు సంవత్సరం-నెల-రోజు వరస వాడితే 03/04 అంటే ఏప్రిలా మార్చా అన్న తంటా కూడా ఉండదు.

పాస్‌వర్డ్‌లు ఎవరివి పెట్టాలి? ప్రస్తుతానికి నావే ఉన్నాయి.

మీవి తీసేయండి. మీరు పాస్‌వర్డ్ మార్చిన రోజే ఫ్లోలన్నీ ఆగిపోతాయి, మీ అకౌంట్ లాక్ కూడా కావచ్చు. ఫ్లోల కోసమే ఒక సర్వీస్ అకౌంట్ తీసుకుని, దానికి కావలసిన టేబుళ్ల మీద మాత్రమే హక్కులు ఇప్పించండి. పాస్‌వర్డ్ సర్వర్‌లోని కనెక్షన్ స్టోర్‌లో ఉండాలి, ఫ్లో ఫైల్ లోపల ఉండకూడదు.

ఫోన్ నంబర్లు, ఆధార్, ఆరోగ్య వివరాలు లాంటివి ఫ్లోలో ఉంటే ల్యాప్‌టాప్‌లో మిగిలిపోయే మధ్యంతర ఫైళ్ల గురించి కూడా ఆలోచించండి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం, తగిన భద్రత తీసుకోక డేటా బయటికి పోతే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉండొచ్చు. బస్సులో పోగొట్టుకునే ల్యాప్‌టాప్‌లో అలాంటి డేటా ఉండడానికి వీల్లేదు. వ్యక్తిగత డేటా ఉన్న ఫ్లోలని మిగతా ఏ లెక్కా చూడకుండా సర్వర్‌కి మార్చమనే చెబుతాను.

సర్వర్ ఆఫీసులో పెట్టాలా, క్లౌడ్‌లోనా?

డేటా ఎక్కడుంటే ఇంజిన్ అక్కడ. డేటాబేస్ ఆఫీసులో ఉండి, ఫ్లో క్లౌడ్‌లో ఉంటే ప్రతి వరసా ఇంటర్నెట్ మీద వెళ్లి రావాలి. ఎక్కువ సోర్సులు క్లౌడ్‌లోనే ఉంటే దగ్గరి రీజియన్ (క్లౌడ్ కంపెనీ డేటా సెంటర్లున్న ప్రాంతం) తీసుకోండి. అమెజాన్ క్లౌడ్ ఏడబ్ల్యూఎస్‌కి ముంబైతో పాటు 2022 నవంబర్ నుంచి హైదరాబాద్‌లోనూ రీజియన్ ఉంది.

పవర్ బీఐ డెస్క్‌టాప్‌లో రిపోర్ట్ చేశాను. పబ్లిష్ చేశాక రిఫ్రెష్ అవ్వట్లేదు.

డేటా ఆఫీసు నెట్‌వర్క్‌లో ఉంటే గేట్‌వే (ఆ డేటాకీ క్లౌడ్‌లోని పవర్ బీఐకీ మధ్య వంతెన లాంటి ప్రోగ్రాం) ఇన్‌స్టాల్ చేయాలి. అందులో పర్సనల్ మోడ్ ఒక్కరికే పనికొస్తుంది, టీమ్‌కి స్టాండర్డ్ మోడ్ తీసుకోండి. గేట్‌వేని ల్యాప్‌టాప్‌లో పెట్టకండి, మీరు మూత వేసుకుని ఇంటికెళ్లగానే రిఫ్రెష్ ఆగిపోతుంది. ప్రో లైసెన్సులో రోజుకి 8 షెడ్యూల్డ్ రిఫ్రెష్‌లు, ప్రీమియంలో 48. గంటగంటకీ కొత్త డేటా కావాలంటే ముందే ఈ లెక్క చూసుకోండి.

## సర్వర్‌లో నడుస్తున్నప్పుడు

ఇక ఆటోమేటిక్‌గా నడుస్తుంది కాబట్టి రోజూ చూడక్కర్లేదు కదా?

ఫెయిల్ అయితే మెయిల్ వస్తుంది, అది సులువు. అసలు ప్రమాదం ఫెయిల్ కాకుండా తప్పుగా నడిచినప్పుడు. సోర్స్ వాళ్లు ఖాళీ ఫైల్ పెడతారు, ఫ్లో దాన్ని శ్రద్ధగా చదివి సున్నా వరసలు రాసి "సక్సెస్" అంటుంది. డెస్క్‌టాప్‌లో అయితే మీరు ప్రివ్యూలో చూసి వెంటనే పట్టుకునేవారు. సర్వర్‌కి మార్చినప్పుడు ఆ చూపుని కోల్పోతారు, దాని బదులు ఫ్లోలోనే తనిఖీలు కట్టాలి.

సున్నా వరసలు వస్తే ఆపేయాలి. మామూలుగా వచ్చే సంఖ్యలో సగం కంటే తక్కువ వస్తే మెయిల్ పంపాలి. మొత్తం సొమ్ము సోర్స్‌లో ఎంత, చేరిన చోట ఎంత అని పోల్చాలి. కొత్త కాలమ్ వచ్చినా, ఉన్న కాలమ్ పోయినా చెప్పాలి. ఇంకొకటి, ఫ్లో అసలు మొదలే కాకపోతే ఫెయిల్ మెయిల్ కూడా రాదు. అందుకని చేరిన టేబుల్‌లో చివరి తేదీ ఎప్పటిదో చూసే చిన్న ఫ్లో ఒకటి విడిగా, వీలైతే వేరే మెషీన్ మీద పెట్టండి.

ఒకేసారి చాలా జాబులు పెడితే కొన్ని గంటలు గంటలు క్యూలో ఉంటున్నాయి.

ఎఫ్ఎంఈ ఫ్లో సర్వర్‌లో ఒక ఇంజిన్ ఒకసారికి ఒక్క జాబే నడుపుతుంది. రెండు ఇంజిన్లుంటే మూడో జాబ్ ఆగాల్సిందే. ఇంకో ఇంజిన్ కొనేముందు షెడ్యూళ్లు చూడండి. అందరూ అర్ధరాత్రి 12కే పెడతారు. వాటిని పదేసి నిమిషాల తేడాతో సర్దితే చాలాసార్లు ఖర్చు లేకుండానే తీరిపోతుంది. పొడవైన జాబులకి ఒక క్యూ, చిన్నవాటికి ఇంకో క్యూ పెట్టడం కూడా మంచిది.

సర్వర్ కొన్నాం కదా, డెస్క్‌టాప్ లైసెన్సులు తీసేయొచ్చా?

కొన్ని తీసేయొచ్చు. ఫ్లోలు కట్టేవాళ్లకి, సరిచేసేవాళ్లకి డెస్క్‌టాప్ కావాలి. బటన్ నొక్కి ఫలితం తీసుకునేవాళ్లకి బ్రౌజర్ చాలు.

మేనేజర్ గారు సర్వర్‌కి ఒప్పుకోవట్లేదు. ఏం చెప్పాలి?

టెక్నికల్ కారణాలు పక్కన పెట్టండి. ఒక నెల పాటు రాసుకోండి, ఏ ఫ్లో ఎవరి కోసం నడుస్తోంది, ఎన్నిసార్లు ఆలస్యమైంది, ఆలస్యమైనప్పుడు ఎవరి పని ఆగింది, ఎవరు సెలవులో ఉన్నప్పుడు. ఆ కాగితం చూపిస్తే మాట వింటారు. ఒకవేళ నెలంతా రాసినా ఎవరి పనీ ఆగలేదని తేలితే మేనేజర్ గారి మాటే సరైనది, డెస్క్‌టాప్‌తోనే కొనసాగండి.

సర్వర్‌లో పెట్టిన ఫ్లోని తిరిగి డెస్క్‌టాప్‌కి తెచ్చుకోవడం తప్పా?

ఏమీ కాదు. ఏడాదికి రెండుసార్లు మాత్రమే నడిచే ఫ్లోని సర్వర్‌లో ఉంచితే దాన్ని ప్రతి అప్‌గ్రేడ్‌లోనూ పరీక్షించాలి. అలాంటివాటిని దించేయండి.

ఫ్లోలన్నీ కట్టినవాళ్లు ఉద్యోగం మానేస్తున్నారు. ఏం తీసుకోవాలి వాళ్ల దగ్గర?

ఫ్లో ఫైళ్లు సర్వర్‌లో ఉన్నాయిగా అని ఊరుకోకండి. వాటిని గిట్‌లో (ఫైళ్ల పాత రూపాలన్నీ దాచిపెట్టే టూల్) పెట్టించండి. ఎఫ్ఎంఈ, కెటిల్, హాప్ ఫైళ్లు టెక్స్ట్ రూపంలోనే ఉంటాయి కాబట్టి పెట్టడానికి ఇబ్బంది లేదు. ప్రతి ఫ్లోకి ఒక పేజీ రాయించుకోండి. డేటా ఎక్కడి నుంచి, ఎవరికి వెళ్తుంది, సోర్స్ వైపు ఎవరికి ఫోన్ చేయాలి, ఏ లెక్క ఎందుకు అలా పెట్టారు. ఈ చివరిదాన్ని వదలకండి, ఫ్లో చూసి కారణం కనిపెట్టడం ఎవరివల్లా కాదు.

ఆ తర్వాత కొత్తవాళ్ల చేత ఒక ఫ్లోని టెస్ట్ ఎన్విరాన్‌మెంట్‌లో కావాలనే ఫెయిల్ చేయించి, లాగ్ చదివించి, సరిచేయించి మళ్లీ నడిపించండి. మానేసేవాళ్లు ఇంకా ఆఫీసులో ఉండగానే ఇది జరగాలి, ఆఖరి రోజు సాయంత్రం దాకా ఆగకండి.